ఈ వారం సమస్య (ఈ పాదంతో ముగిసేలా పద్యం పూరించాలి; పాల్గొన్నవారికి వాళ్ళ పేటల పేర్లే గుర్తు): చావుఁ గోరి పూచె శైలమెల్ల

బసవనగుడి (సమస్య ఇచ్చినవారు):
ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. అయిదూ సూర్యగణాలే (గురులఘువులు గానీ మూడు లఘువులు గానీ), చా–శై యతి (నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవడం). విషయం నీలకురింజి, పన్నెండేళ్ళకోసారి కొండంతా పూసి చచ్చిపోయే పొద. కేరళలో మున్నారు వైపు 2006లో, 2018లో పూసింది, మళ్ళీ 2030లోనే. మన బెంగళూరు వాళ్ళకి దగ్గరైన చిక్కమగళూరు చంద్రద్రోణ కొండల్లో మాత్రం 2022లో పూసింది. కాబట్టి సంవత్సరం వాడేవాళ్ళు ఏ కొండో చూసుకుని వాడండి.

ఒక జాగ్రత్త. ‘కురింజి’ జగణం (లఘువు, గురువు, లఘువు), సూర్యగణంలో పట్టదు. ‘నీలకు–రింజియే’ అని విడగొట్టి బేసి పాదం చివర పెడితే భగణం, రగణం అయి ఒదుగుతుంది. ‘పన్నెండేండ్ల’లో మూడు గురువులు వరసగా వస్తాయి, బేసి పాదం చివర తప్ప ఆటవెలదిలో ఇమడవు. ‘పదియు రెండు’ అనండి.

మల్లేశ్వరం:
ఏండ్లు పదియు రెండు నెదఁ దాచి నీలిమన్
విత్తు కొఱకుఁ దనువు వీడఁ దలఁచి
నేల కొసఁగి మొలక నీలకురింజియే
చావుఁ గోరి పూచె శైలమెల్ల

బసవనగుడి:
మొదటి పాదం ఎంత బాగుందో! పదకొండేళ్ళూ గడ్డి మధ్య మోకాలెత్తు పచ్చటి పొదే తప్ప ఏమీ కనబడదు, ‘నెదఁ దాచి’ అన్న మాట దానికే పుట్టినట్టుంది. రెండు లోపాలున్నాయండి. ‘తనువు వీడఁ దలఁచి’ అన్నాక ‘చావుఁ గోరి’ అదే మాట. సమస్య బిగువంతా రెండో పాదంలోనే సడలిపోయింది. రెండోది, ‘ఒసఁగి... పూచె’ అంటే ముందు మొలక, తర్వాత పూత అని అర్థం. జరిగేది తలకిందులు: పూత, కాయ, విత్తు రాలడం, చెట్టు ఎండిపోవడం, ఆ తర్వాతే మొలక. ‘ఇడఁగ’ అంటే ఇవ్వడం కోసం అని అర్థం మారుతుంది, గణమూ చెడదు.

మల్లేశ్వరం:
నిజమేనండి. రెండు, మూడు పాదాలు ఇలా మార్చాను. వానలు తగ్గే ఆగస్టు–అక్టోబరు కాలం కూడా వచ్చింది.
వేళ యెఱిఁగి వాన వెలిసినంత
నేల కిడఁగ మొలక నీలకురింజియే

బసవనగుడి:
ఇప్పుడు ఒక్క మాట కదపడానికి లేదు.

యలహంక:
వల్లి మనసు నేల వచ్చిన వేలుపున్
గుహునిఁ జూచి నీలి గుత్తు లెత్తి
తాళలేని విరహ తాపాగ్నికిన్ వేగ
చావుఁ గోరి పూచె శైలమెల్ల

బసవనగుడి:
చావు పువ్వుకి కాదు, విరహానికి! సమస్యను విప్పడమంటే ఇదీ. తమిళ సంగసాహిత్యం తెలిసిన చెయ్యి. అక్కడి అయిదు తిణైలలో (నేలను బట్టి చేసిన కవితా విభాగాలలో) కురింజి కొండసీమ, దేవుడు మురుగన్ (మన కుమారస్వామి), విషయం ప్రేమికుల కలయిక. ఎడబాటు ఎండిన పాలై నేలది. కురింజి పూసిందంటే పాలైకి చోటు లేదన్నమాట, మీ పద్యంలో విరహం చావాల్సిందే. కొడైకెనాల్‌లో మురుగనికి కురింజి ఆండవర్ అని గుడే ఉంది.

మారతహళ్ళి:
‘గుహుడు’ అంటే తెలుగువాళ్ళకి రాముణ్ణి గంగ దాటించినవాడు తగలడా?

బసవనగుడి:
పై పాదంలో మురుగని భార్య వల్లి ఉంది కాబట్టి గుహుడంటే ఇక్కడ మురుగనే, చిక్కు లేదు. నాకు పంటికింద రాయి ‘తాపాగ్ని’. అగ్ని ఆరుతుంది, చావదు. ‘తాపమ్మునకు వేగ’ అనండి. తగణం, సలం, యతి అలాగే ఉంటుంది.

మారతహళ్ళి:
తేనెఁ దీసి యడవి తెగ వయసు లెంచు
లెక్కపుస్తకమ్ము లేత నీలి
మరల వత్తు ననుచు మాట యిచ్చిన పూవు
చావుఁ గోరి పూచె శైలమెల్ల

యలహంక:
కొండజాతి పళియర్లు ఈ పూతల లెక్కన వయసు చెప్పుకోవడం పద్యంలోకి తెచ్చారు, ‘లెక్కపుస్తకమ్ము’ అందంగా పడింది. ‘లేత నీలి’ కూడా సరే, విచ్చిన కొత్తలో ఆ రంగే. ముదిరితే ఊదాకి తిరుగుతుంది. మొదటి పాదం చివర ‘సులెంచు’ జగణం అయింది, చూడండి.

బసవనగుడి:
అవును, గణభంగం. ‘చచ్చేది మళ్ళీ వస్తానని మాట ఇవ్వడమేమిటి’ అని ఎవరైనా అడిగితే, వచ్చేది దాని విత్తు అని ఒక మాట రాసి పెట్టండి.

మారతహళ్ళి:
‘తెగ వయ సెంచెడు’ అని మార్చాను. నలం, భగణం. సరిపోయిందా అండీ?

బసవనగుడి:
సరిపోయింది.