థెల్మా రిట్టర్ సినిమాల గురించి సహాయం కావాలి

పాత హాలీవుడ్ సినిమాలు తెలిసినవారికి నమస్కారం. 'రియర్ విండో' (1954)లో కాలు విరిగిన హీరోకు వీపు మర్దన చేస్తూనే, ఎదురిళ్లలోకి తొంగి చూస్తున్నందుకు చీవాట్లు పెట్టే నర్సు గుర్తున్నారా? ఆవిడే థెల్మా రిట్టర్. నలభై దాటాక, 1947లో సినిమాల్లోకి వచ్చారు. ఉత్తమ సహాయ నటిగా ఆరుసార్లు ఆస్కార్ నామినేషన్ పొందారు, ఒక్కసారీ బహుమతి రాలేదు. 'పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్' (1953)లో టైలు అమ్ముకుంటూ, తన సమాధి స్థలం కోసం పైసా పైసా కూడబెట్టే ముసలావిడగా ఆమెను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ ఏడాదైనా ఇచ్చి ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు 'ది మేటింగ్ సీజన్' (1951) కోసం వెతుకుతున్నాను. కోడలు తనను వంటమనిషి అనుకుంటే, అత్తగారు నిజం చెప్పకుండా ఆ ఇంట్లోనే పనిచేసే కథ. సహాయ పాత్ర అన్నారు గానీ, సినిమాకు ప్రాణం ఆమే. సబ్‌టైటిల్స్‌తో మంచి ప్రతి ఎక్కడ దొరుకుతుంది? బ్రూక్లిన్ యాస నాకు పూర్తిగా అందదు. సినిమాలకు ముందు ఆమె చేసిన నాటకాలు, రేడియో కార్యక్రమాల గురించి వివరంగా రాసిన పుస్తకం ఏదైనా ఉంటే దయచేసి పేరు చెప్పండి.