ఆక్సిమీటర్‌లో రాత్రి రీడింగులు ఎలా దాచుకోవాలి?

ప్రశ్న (కడప): మా నాయనకు సీఓపీడీ (ఊపిరాడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు). నిద్రలో ఆక్సిజన్ ఎంత పడిపోతోందో రాత్రంతా రికార్డు చేసి తెమ్మన్నారు డాక్టర్. మెమరీ ఉన్న మానిటర్ అద్దెకు తెచ్చాం గానీ పొద్దున చూస్తే స్క్రీన్ మీద అప్పటి అంకె తప్ప ఇంకేమీ లేదు. తెలిసినవాళ్లు చెప్పండన్నా, టెన్షన్‌గా ఉంది.

జవాబు (కర్నూలు, ఐసీయూ నర్సు): కంగారు పడకండి, మెనూలో ట్రెండ్ (దాచిన పాత రీడింగులు) అని ఉంటే అందులో చూడండి. ఈ రాత్రి పెట్టేముందు తేదీ, టైమ్ సరిచేసి కొత్త పేషెంట్‌గా మొదలుపెట్టండి, లేకపోతే అంతకుముందు వాడినవాళ్ల రీడింగుల్లో మీ నాయనవి కలిసిపోతాయి. ఎన్ని సెకన్లకు ఒకసారి దాచాలో సెట్ చేసే వీలుంటే 4 సెకన్లో, ఇంకా తక్కువో పెట్టండి. నిమిషానికి ఒకటైతే మధ్యలో పడి లేచినవి దొరకవు. చాలా మోడళ్లలో మెమరీ నిండితే పాతవి చెరిగిపోతాయి, అందుకే పొద్దున్నే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి.

జవాబు (అనంతపురం): ప్రోబ్ (వేలికి పెట్టే క్లిప్పు) ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ వెలుతురును వేలిగుండా పంపి లెక్క కడుతుంది. చెయ్యి కదిలినా, వేళ్లు చల్లబడినా అంకె తప్పుగా పడొచ్చు, అందుకే వైరును మణికట్టు దగ్గర వదులుగా టేపుతో అంటించండి. ఆయన బాత్రూమ్‌కు లేచిన టైమ్ కాగితం మీద రాసిపెట్టండి, డాక్టర్‌కు చాలా పనికొస్తుంది.

జవాబు (కర్నూలు, ఐసీయూ నర్సు): ఇంకొకటి, సీఓపీడీ వాళ్లకు ఆక్సిజన్ పెడితే మామూలుగా రీడింగు 88–92 శాతం మధ్య ఉంచుతారు, అంకె తగ్గిందని మీరే ఆక్సిజన్ ఫ్లో పెంచొద్దు. మిషన్ తిరిగి ఇచ్చేముందు ఆయన డేటా చెరిపేయండి.