ఎఫ్‌జడ్‌బీ42 అనే బ్యాక్టీరియా స్ట్రెయిన్ జాతి పేరును బాసిల్లస్ వెలెజెన్సిస్‌గా మార్చడం అవసరమా?

వేరుమండలం:
2011లో బాసిల్లస్ అమైలోలిక్విఫేసియన్స్‌లో ప్లాంటారం అనే ఉపజాతి పెట్టి, ఎఫ్‌జడ్‌బీ42ని దానికి టైప్ స్ట్రెయిన్ (ఆ పేరుకు ప్రామాణిక నమూనా) చేశారు. 2016లో ఆ ఉపజాతి మొత్తాన్నీ వెలెజెన్సిస్‌లో కలిపేశారు. రెండు జాతుల 16ఎస్ (బ్యాక్టీరియాను గుర్తించడానికి వాడే ఆర్‌ఎన్‌ఏ జన్యువు) వరుసలు 99 శాతం పైగా కలుస్తున్నాయి, వేర్ల దగ్గర చేసే పనీ మారలేదు. ఉపజాతిగా ఉంచితే సరిపోయేది. ఇప్పుడు బయోఫంగిసైడ్ (తెగుళ్ల శిలీంధ్రాలను ఆపే జీవ మందు) డబ్బాల మీద ఒక పేరు, పేపర్లలో ఇంకో పేరు.

జీనోమ్‌బల్ల:
బాసిల్లస్‌లో 16ఎస్‌తో జాతి తేలదండీ. 98.7 శాతం కంటే తగ్గితే వేరే జాతి అనొచ్చు గానీ, పెరిగినంత మాత్రాన ఒకటే అనడానికి లేదు. పైగా ఈ జీనోమ్‌లో ఆ జన్యువు కాపీలు పది. పీసీఆర్‌తో ఆ జన్యువును పెంచి సాంగర్ పద్ధతిలో వరుస చదివిస్తే పదీ కలిసిపోయిన వరుసే చేతికొస్తుంది. మొత్తం జీనోమ్ చూడాలి. ఏఎన్‌ఐ (రెండు జీనోమ్‌ల సగటు పోలిక) హద్దు 95–96 శాతం, డిజిటల్ డీడీహెచ్ (డీఎన్‌ఏ హైబ్రిడైజేషన్‌కి బదులు కంప్యూటర్‌తో వేసే లెక్క) హద్దు 70 శాతం. అమైలోలిక్విఫేసియన్స్ టైప్ స్ట్రెయిన్ డీఎస్ఎం7తో పోలిస్తే ఎఫ్‌జడ్‌బీ42 ఏఎన్‌ఐ 94 దగ్గరే ఆగుతుంది, డీడీహెచ్ 60 కూడా దాటదు.

వేరుమండలం:
94కీ 95కీ ఎంత తేడా? 2005లో వచ్చిన వెలెజెన్సిస్‌ను 2008లో అమైలోలిక్విఫేసియన్స్‌లో కలిపిందీ డీఎన్‌ఏ పోలికతోనే కదా.

జీనోమ్‌బల్ల:
2008 నాటిది ల్యాబ్‌లో చేసిన హైబ్రిడైజేషన్, అంటే రెండు డీఎన్‌ఏలు ఎంతమేర జతకడతాయో చూసే పరీక్ష. ఉష్ణోగ్రత, డీఎన్‌ఏ శుభ్రత కాస్త మారినా అంకె మారిపోతుంది. ఇప్పుడు జీనోమ్ వరుసలు అందరికీ అందుబాటులో ఉన్నాయి, మీరే లెక్క వేసి చూడొచ్చు. ఇక ఉపజాతి మాటకొస్తే, రెండు జాతులని తేలాక బ్యాక్టీరియా పేర్ల కోడ్ ప్రకారం ముందు వచ్చిన పేరే నిలుస్తుంది. వెలెజెన్సిస్ 2005ది, ప్లాంటారం 2011ది.

బెంచివర్క్:
మార్పు సరైనదే. కానీ దాన్ని సమర్థించడానికి చాలామంది చెప్పే కారణం బలహీనం. ఎఫ్‌జడ్‌బీ42లో డిఫిసిడిన్, మాక్రోలాక్టిన్ అనే యాంటీబయోటిక్‌లను తయారుచేసే జన్యు సమూహాలున్నాయి, డీఎస్ఎం7లో లేవు, కాబట్టి వేరే జాతి అంటారు. అలాంటి సమూహాలు ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి చేరగలవు, ఊడిపోనూగలవు. వాటిమీద జాతిని నిలబెట్టకూడదు.

మీ స్ట్రెయిన్‌ను తేల్చుకునేటప్పుడు జెన్‌బ్యాంక్ అనే జన్యు వరుసల డేటాబేస్‌లో అమైలోలిక్విఫేసియన్స్ అని కనిపించిన ఏదో ఒక జీనోమ్‌తో పోల్చకండి. అందులో చాలావాటికి పాత పేరే ఉండిపోయింది, అసలు అవి వెలెజెన్సిస్. దాంతో ఏఎన్‌ఐ 98 వచ్చిందని మురిసిపోతే తప్పు పేరు ఖాయం. డీఎస్ఎం7, వెలెజెన్సిస్ టైప్ సీఆర్-502, దగ్గరి జాతి సయామెన్సిస్ టైప్, మూడింటితోనూ పోల్చాలి. అంతకన్నా ముందు చెక్‌ఎమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో మీ జీనోమ్‌లో కలుషితం ఉందేమో చూడాలి. డ్రాఫ్ట్ (ఇంకా పూర్తికాని) జీనోమ్ అయితే డిజిటల్ డీడీహెచ్ లెక్కకున్న మూడు ఫార్ములాల్లో ఫార్ములా 2 వాడాలి, మిగతా రెండూ అసంపూర్ణ జీనోమ్‌తో దెబ్బతింటాయి.

వేరుమండలం:
ముందు వచ్చిన పేరు సంగతి ఒప్పుకుంటున్నా. డబ్బా మీద మాత్రం కొత్త పేరు పక్కన పాత పేరూ స్ట్రెయిన్ నంబరూ ఉండాల్సిందే. తెగులును ఆపేది ఆ స్ట్రెయిన్, జాతి పేరు చూసి కొంటే ఏది వస్తుందో చెప్పలేం.