కంచె వేశాక ఒక పక్క ఒకటే గడ్డి, ఎందుకంటారు?

బీడు రైతు (అనంతపురం):
మాకు ఎకరంన్నర బీడు ఉంది, ఊరి గొర్రెలన్నీ అందులోనే మేసేవి. అవి రాకపోతే రకరకాల మొక్కలొస్తాయని మూడేళ్ల కిందట చుట్టూ కంచె వేయించాను. పైన రాళ్ల వైపు బాగానే ఉంది, వెంపలి, తుమ్మి, పేరు తెలియని చిన్నచిన్న పూల మొక్కలు కనిపిస్తున్నాయి. కింద, ఏటా మంద పడుకునే చోట మాత్రం నడుమెత్తు గడ్డి తప్ప ఇంకేమీ లేదు. బలమున్న నేలలోనే కదా ఎక్కువ రకాలు రావాలి? ఒక బస్తా యూరియా చల్లి చూడమంటున్నాడు పక్క పొలం ఆయన.

బోటనీ మాస్టారు:
యూరియా జోలికి పోవద్దండీ, ఉన్నది కూడా పోతుంది. అన్నేళ్ల పెంటికలు, మూత్రంతో అక్కడ నత్రజని బాగా చేరి ఉంటుంది. దాన్ని అందరికంటే ముందు వాడుకుని లేచేది పొడుగు గడ్డే, అది లేచాక కింద ఎండ పడదు, పొట్టి మొక్క మొలిచినా నిలవదు. ఇంగ్లండ్‌లో రోథామ్‌స్టెడ్ దగ్గర ఒక గడ్డి మైదానం మీద 1856లో మొదలుపెట్టిన ప్రయోగం ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ ఏ ఎరువూ వేయని మడుల్లోనే రకాలు ఎక్కువ. నత్రజని ఎరువు ఏళ్ల తరబడి వేస్తూ, సున్నం వేయక నేల ఆమ్లంగా మారిన చోట రెండు మూడే మిగిలాయి.

గుట్ట మీది పిల్ల:
మాస్టారూ, అక్కడ గడ్డి కోస్తారు, ఇక్కడ కోసేవాళ్లెవరు? మేసే నోరే ఆ పని చేయాలి. ఆరు ఖండాల్లో 40 గడ్డి భూముల్లో కొన్ని మడులకు కంచె వేసి, కొన్నింటికి ఎరువు వేసి చూసిన పరిశోధన 2014లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. ఎరువు పడితే నీడ పెరిగి రకాలు తగ్గాయి, పశువులు మేసి నేలకు వెలుతురు తెచ్చిన చోట మళ్లీ నిలబడ్డాయి. అంటే మీ కంచె పైన ఒక పని, కింద ఇంకో పని చేస్తోంది.

మందోళ్ల మనవడు:
అట్లని గేటు తీసి వదిలేయొద్దన్నా. పొద్దస్తమానం మేస్తే తంగేడు, వయ్యారిభామ లాంటివి మిగులుతాయి, గొర్రె వాటిని ముట్టదు. పై రాళ్ల నేల బలం లేనిది, దాన్ని ఇంకా కొన్నాళ్లు అట్లనే ఉంచు. కింద మాత్రం గింజ రాలినాక కొన్ని రోజులు మేపించు, సాయంత్రానికి తోలేయాలి, రాత్రి మంద కట్టనీయొద్దు. రైతులు డబ్బులిచ్చి మరీ మడిలో మంద కట్టించుకునేది ఎందుకు, ఎరువు కోసమే కదా! నీకిప్పుడు ఆ ఎరువు బయటికి పోవాలి.

బీడు రైతు:
ఇందాక వెళ్లి గడ్డిని రెండు చేతులతో పాయలు తీసి చూశాను. కింద కాడలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, నిరుటి ఎండుగడ్డి అరచేతి మందాన పరుచుకుని ఉంది, ఒక్క మొలకా లేదు. కుక్కలు తిరిగే సన్నటి దారి పక్కన మాత్రం రెండు వెంపలి మొక్కలున్నాయి. ఎకరంన్నరలో సగానికి ఎన్ని గొర్రెలు చాలు తమ్ముడూ?