‘రాజు గుండె’ అన్న ఎలిజబెత్ మాటను తెలుగులో ఎలా పలికించాలి?

పోస్టు:
అందరికీ నమస్కారం. మా మేనకోడలు కాలేజీ వార్షికోత్సవంలో ఏకపాత్రాభినయం చేస్తోంది. పాత్ర ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్. 1588 ఆగస్టులో, స్పెయిన్ నౌకాదళం దండెత్తి వచ్చిన రోజుల్లో, థేమ్స్ నది ఒడ్డున టిల్బరీ దగ్గర సైన్యం ముందు ఆవిడ మాట్లాడిన మాటలు తెలుగు చేసిపెట్టమని నన్నడిగింది. సరేనన్నాను. ఒక్క వాక్యం దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను.

మాటకు మాట దించితే అది ఇలా వస్తుంది: ‘నాది బలంలేని ఆడదాని శరీరమని నాకు తెలుసు. కానీ నాకు రాజు హృదయం, రాజు కడుపు ఉన్నాయి, అదీ ఇంగ్లండు రాజువి.’ అది చదివి పిల్ల అడిగింది, “అత్తా, యుద్ధం ముందు నిలబడి కడుపు సంగతి ఎందుకెత్తింది?” అని.

ఆ కాలపు ఇంగ్లిషులో ‘స్టమక్’ అంటే తెగువ, పౌరుషం కూడా. మన కడుపుకు ఆ అర్థం లేదు. కడుపుతో ఉంది, కడుపుకోత, కడుపుతీపి, కడుపుమంట. మన కడుపులో తల్లి ఉంది, బాధ ఉంది, అసూయ ఉంది, యుద్ధం మాత్రం లేదు. పైగా ఎలిజబెత్ విషయంలో ఇది మరీ ఇబ్బంది. 1559లో మొదటి పార్లమెంటు నుంచే ‘పెళ్లి చేసుకోండి, వారసుణ్ణి కనండి’ అని ఆవిడ వెంటపడ్డారు. టిల్బరీ నాటికి ఆవిడకు 54 ఏళ్లు, పెళ్లీ లేదు, పిల్లలూ లేరు. అలాంటి మనిషి నోట వేదిక మీద ‘కడుపు’ అన్న మాట పలికిస్తే వినేవాళ్ల మనసు ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు. కాబట్టి కడుపు తీసేశాను. దాని చోట ఏం పెట్టాలో చెప్పండి. ‘గుండెదిటవు’ అనుకుంటున్నాను.

ఇంకో మాట. ఈ ప్రసంగం పాఠం మనకు లియోనెల్ షార్ప్ అనే మతాచార్యుడి ఉత్తరం ద్వారా వచ్చింది, అచ్చయింది 1654లో. అక్షరం అక్షరం ఆవిడదేనా అన్న చర్చ పండితుల్లో ఉంది. నా చర్చ మాత్రం మాట గురించే.

వ్యాఖ్య:
దిటవు బావుంది మేడమ్. కానీ ‘రాజు గుండె’ ఎందుకు? ‘రాణి గుండె’ అంటే సరిపోతుంది కదా. మనం రాణి రుద్రమ అనడం లేదా?

జవాబు:
అక్కడే అసలు విషయం ఉందండీ. ‘రాణి’ అని రాస్తే ఆ వాక్యంలో వాదన మొత్తం పోతుంది.

రాణి అన్న మాటకు రెండు అర్థాలు. రాజుగారి భార్య రాణి, తానే ఏలే మనిషీ రాణే. ఇంగ్లిషు ‘క్వీన్’దీ అదే చిక్కు. ఎలిజబెత్ కంటే ముందు ఆవిడ అక్క మేరీ సింహాసనమెక్కినప్పుడు ఇది ఉత్త మాటల గొడవగా మిగల్లేదు. పాత చట్టాల్లో అధికారాలన్నీ ‘కింగ్’ పేరునే ఉన్నాయి. మరి ఆడమనిషి కూర్చుంటే అవి ఆమెకు వర్తిస్తాయా? పైగా స్పెయిన్ యువరాజు ఫిలిప్‌తో పెళ్లి దగ్గర పడుతోంది, మొగుడు వచ్చాక అధికారం ఎవరిది? అందుకని 1554లో పార్లమెంటు ఒక చట్టమే చేసింది. కిరీటం మగవాడి తల మీద ఉన్నా ఆడదాని తల మీద ఉన్నా రాజాధికారం ఒక్కటే అని. ఒక పదం చాలక చట్టం చేయాల్సి వచ్చిందంటే ఆలోచించండి.

తర్వాత లాయర్లు ఇంకో అడుగు వేశారు. పాలకుడికి రెండు దేహాలన్నారు. ఒకటి పుట్టి, జబ్బుపడి, చచ్చిపోయే ఒళ్లు. రెండోది రాజ్యదేహం. దానికి వయసు లేదు, రోగం లేదు, చావు లేదు. ఎలిజబెత్ కాలపు కోర్టు వాదనల్లోనే ఇది బలంగా వినిపిస్తుంది. ఇప్పుడు టిల్బరీ మాట మళ్లీ చదవండి. ‘నాది ఆడదాని ఒళ్లు’ అని ఒప్పుకుంటున్నది మొదటి దేహం గురించి. ‘నాది రాజు గుండె’ అన్నది రెండోదాని గురించి. నాకైతే ఆవిడ ఆ రెండు దేహాలనూ ఒక్క వాక్యంలో సైనికుల ముందు నిలబెట్టినట్టు అనిపిస్తుంది. అక్కడ ‘రాణి’ అంటే రెండూ ఒకటైపోతాయి.

రుద్రమ సంగతి ఎత్తారు కాబట్టి, ఆమె శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’ అని ఉంటుంది. ‘రాణి రుద్రమ’ మనం తర్వాత అలవాటు చేసుకున్న మాట.

వ్యాఖ్య:
ఆ కాలంలోనే జాన్ నాక్స్ అనే ఆయన ఆడవాళ్ల పాలన మీద పుస్తకం రాశాడు. పేరులో ‘మాన్‌స్ట్రస్ రెజిమెంట్ ఆఫ్ విమెన్’ అని ఉంది. నేనింతకాలం ‘ఆడవాళ్ల రాక్షస పటాలం’ అనుకున్నాను. తప్పా?

జవాబు:
తప్పేనండీ, కానీ చాలామంది పడే తప్పు. అక్కడ ‘రెజిమెంట్’ అంటే పటాలం కాదు, పాలన. ‘మాన్‌స్ట్రస్’ అంటే ప్రకృతికి విరుద్ధమైనది. ‘స్త్రీల వికృత పాలన’ అంటే దగ్గరకొస్తుంది. 1558లో జెనీవాలో, రాసినవాడి పేరు లేకుండా అచ్చయింది. గురి ఇంగ్లండులో మేరీ మీద, స్కాట్లాండులో కూతురి తరఫున పాలిస్తున్న మేరీ ఆఫ్ గీజ్ మీద. ఇద్దరూ క్యాథలిక్కులు, నాక్స్ ప్రొటెస్టెంటు. అదే ఏడు నవంబరులో ఇంగ్లండు మేరీ చనిపోయింది, గద్దెనెక్కిన ఎలిజబెత్ ప్రొటెస్టెంటు. ఆయన సొంత పక్షపు ఏలికే ఆయన వాదనకు చిక్కింది! స్కాట్లాండు వెళ్లడానికి ఇంగ్లండు మీదుగా దారి ఇమ్మంటే ఆవిడ ఇవ్వలేదు. 1559లో ఓడెక్కి సముద్రం మీదుగా పోయాడు.

అదే ఏడు జాన్ ఎయిల్మర్ జవాబు పుస్తకం రాశాడు. నాకు అది చదివితే సంతోషం కలగదు. ఇంగ్లండు ‘రెజిమెంట్’ ఒక్క మనిషి పాలన కాదు, చట్టాలూ పార్లమెంటూ కలిసిన పాలన, కాబట్టి ఆడమనిషి కూర్చున్నా అంత ప్రమాదం లేదు అన్నది ఆయన సమర్థన. ఆవిడ సమర్థురాలు కాబట్టి ఏలనివ్వండి అనడానికి, ఆవిడ ఒక్కతే ఏలడం లేదులెండి అనడానికి ఎంత తేడా ఉంది! మన ఇళ్లల్లోనూ వింటాంగా, ‘సంతకం ఆవిడదే, చూసుకునేది మేమేలే’ అని.

అదే 1559లో ఇంకో పదం కూడా మారింది. తండ్రి ఎనిమిదో హెన్రీ చర్చికి ‘సుప్రీం హెడ్’, అంటే శిరస్సు. ఎలిజబెత్ మాత్రం ‘సుప్రీం గవర్నర్’ అయింది. స్త్రీకి పురుషుడు శిరస్సు అని బైబిల్లో పౌలు మాట ఉంది. మరి ఆడమనిషి చర్చికి శిరస్సెలా అవుతుందని క్యాథలిక్కులూ అడిగారు, ప్రొటెస్టెంట్లూ నసిగారు. అందుకే తల పోయి పాలన వచ్చింది. పని మాత్రం దాదాపు అదే.

వ్యాఖ్య:
అమ్మా, రిటైరైన తెలుగు మాస్టారిని. మన వ్యాకరణంలోనూ ఈ ఇరుకు ఉంది. స్త్రీని చెప్పే మాట మహతీవాచకం. ఏకవచనంలో దాని క్రియ వస్తువులతో పోతుంది: ‘రాణి వచ్చింది, బండి వచ్చింది.’ బహువచనంలో మగవాళ్లతో కలుస్తుంది: ‘రాణులు వచ్చారు.’ పాలించే స్త్రీకి పాత మాట ‘ఏలికసాని’ ఉంది. స్వామిని నుంచి వచ్చిన ‘సాని’ గౌరవపదమే. దొరసానిలో ఆ గౌరవం మిగిలింది, ఒంటరిగా మాత్రం నీచార్థంలోకి జారింది. ‘ఏలిక గుండె’ అని చూడండి, ఆడా మగా తేడా ఉండదు.

జవాబు:
మాస్టారూ, నమస్కారం. ‘బండి వచ్చింది’ పక్కన పెట్టి చూపించారే, అది చదివాక రాత్రి చాలాసేపు అదే ఆలోచన. ‘ఏలిక’ నాకెంతో ఇష్టమైంది, కానీ ఇక్కడ వాడలేను. తేడా లేని మాట వాడితే ఆవిడ చేస్తున్న సాహసం కనబడదు. మగమాటను లాక్కుని తన గుండెకు తగిలించుకుంటోంది. ఆ లాక్కోవడం వినపడాలి.

హంగరీలోనూ 1741లో మరియా తెరేసాకు కిరీటం పెట్టినప్పుడు లాటిన్‌లో ‘రెజీనా’ అనలేదు, ‘రెక్స్’ అన్నారు, రాజు అని. అక్కడ రాజు భార్యకైతే ఆ పవిత్ర కిరీటాన్ని కుడి భుజానికి తాకించేవారు. తెరేసాకు తల మీద పెట్టారు. భుజానికీ తలకీ మధ్య ఉన్న ఆ జానెడు దూరమే ఈ వాక్యంలోనూ ఉంది.

ఒక్క విషయంలో మాత్రం తెలుగు నాకు సాయం చేసింది. ‘నేను’కు మన క్రియలో ఆడ, మగ లేదు. ‘వచ్చాను’, అంతే. ఎలిజబెత్ కూడా ప్రసంగాన్ని ప్రభువుల ‘మేము’తో మొదలుపెట్టి కాసేపట్లో ‘నేను’లోకి దిగుతుంది. అది ఉన్నదున్నట్టు తెలుగులోకి వచ్చేసింది.

నిన్న పిల్లకిచ్చిన పాఠం ఇది: ‘నాది బలంలేని ఆడఒళ్లే. నాకు తెలుసు. కానీ ఇందులో ఉన్నది రాజు గుండె, రాజు దిటవు. ఏ రాజో కాదు, ఇంగ్లండు రాజు.’

వంటింటి గుమ్మంలో నిలబడి చదివింది. ‘నాకు తెలుసు’ దగ్గర ఆగి, నా వంక చూసి, తర్వాతి మాట గొంతు పెంచకుండా అంది. గొంతు పెంచమని చెప్పబోయి ఊరుకున్నాను.