‘నగదు తీసుకోబడదు’ అనే హక్కు దుకాణదారుడికి ఉందా?

దారినపోయే దానయ్య:
నిన్న క్యూలో నా ముందు ఒక పెద్దాయన ఉన్నాడు. లోపలి జేబులోంచి నాలుగు మడతల నోటు తీసి, బల్ల మీద అరచేత్తో సాపు చేసి ముందుకు జరిపాడు. కౌంటర్‌లో కుర్రాడు నోరు విప్పకుండా గోడ మీది బోర్డు చూపించాడు: ‘నగదు తీసుకోబడదు’. ఆయన బోర్డు చదివి, నోటును మళ్లీ అవే మడతల్లో పెట్టుకుని వెళ్లిపోయాడు. తీసుకున్న సామాను బల్ల మీదే ఉండిపోయింది. సర్కారు అచ్చేసిన డబ్బును కాదనే హక్కు వీళ్లకెవరిచ్చారు?

గల్లాపెట్టె:
దానయ్య గారూ, బల్లకి ఇవతల కూర్చునేవాణ్ణి నేను. రాత్రి షట్టర్ దించాక మీరు ఇంటికెళ్తారు, నాకు లెక్క మొదలవుతుంది. తడిసినవి, చిరిగినవి, టేపు అంటించినవి విడివిడిగా పెట్టాలి. ఒక్క నోటు తేడా వస్తే మళ్లీ మొదటికి. అప్పటికీ కుదరకపోతే పనికుర్రాడి మొహంలోకి చూస్తాను. ఆ చూపు వాడికి అర్థమవుతుంది, అదే బాధ. దొంగనోటు పడితే నష్టం నాదే. కార్డుకి కమీషన్ పోతుంది, కాదనను, కానీ నగదు మాత్రం ఊరికే వస్తోందా? నేను బోర్డు పెట్టలేదు. పెట్టినవాణ్ణి తప్పుపట్టను.

సెక్షన్ సుబ్బయ్య:
‘చట్టబద్ధమైన నగదు’ అనగానే అందరూ తీసుకుని తీరాలనుకుంటారు. చాలా దేశాల్లో ఆ మాటకున్న పరిధి చిన్నది, ఉన్న బాకీ తీర్చడానికి చెల్లుతుందని అంతే. కొనకముందు బాకీయే లేదు కాబట్టి షరతు పెట్టుకోవచ్చంటారు. ప్రైవేటు వ్యాపారి నగదు తీసుకోవాలనే ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే చట్టం, లేదని అమెరికా కేంద్ర బ్యాంకే చెబుతుంది. అక్కడే మసాచుసెట్స్ రాష్ట్రంలో మాత్రం చిల్లర దుకాణాలు నగదు కాదనకూడదని 1978 నుంచీ చట్టముంది. న్యూయార్క్ నగరం 2020లో అలాంటిదే తెచ్చింది. నార్వేలో 2024 అక్టోబరు 1 నుంచి కొనేవాడి హక్కును గట్టి చేశారు.

దారినపోయే దానయ్య:
క్షవరం అయ్యాక నగదు వద్దంటే? జుట్టు తిరిగి అతికించలేం కదండీ.

సెక్షన్ సుబ్బయ్య:
హహ్హ, అప్పుడది బాకీయే. కాకపోతే గుమ్మంలోనే బోర్డుంటే ‘చదివే కూర్చున్నారు’ అంటాడు.

నిద్రపట్టని నీలి:
చట్టం సంగతి సరే, నెట్‌వర్క్ సంగతి? 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్‌లలో కరెంటు పోతే చాలాచోట్ల కార్డు మెషీన్లు మూగబోయాయి. జేబులో నోట్లున్నవాళ్లకి పని జరిగింది. నగదు దాదాపు మానేసిన స్వీడన్‌లో సర్కారు 2024 నవంబరు నుంచి ఇంటింటికీ పంచిన పుస్తకంలో ఏముందో తెలుసా? కనీసం వారానికి సరిపడా నగదు దగ్గర పెట్టుకోమని.

గల్లాపెట్టె:
కరెంటు పోతే నా బిల్లింగ్ మెషీన్ కూడా పనిచెయ్యదమ్మా.

నిద్రపట్టని నీలి:
కాగితం, పెన్ను పనిచేస్తాయిగా అన్నయ్యా!

మూడో కౌంటర్:
నన్నడిగితే బోర్డు పెట్టినవాడే నయం, మొహం మీదే చెప్పాడు. ‘చిల్లర లేదండీ’ అనేవాళ్ల సంగతేంటి? ఆరు కౌంటర్లుంటే నగదుకి ఒక్కటి, అదీ మూల. యాప్‌లో కడితే తగ్గింపు, చేతికిస్తే పూర్తి ధర. ఎవరూ కాదనలేదు, ఏ చట్టమూ తప్పలేదు, అయినా మనిషి విసుగెత్తి ఫోన్ తీస్తాడు. ఫోన్ లేనివాడు వెళ్లిపోతాడు. దానయ్య గారు చూసిన పెద్దాయన కనీసం ఎందుకు వెళ్తున్నాడో తెలిసి వెళ్లాడు.

సెక్షన్ సుబ్బయ్య:
ఒప్పుకుంటాను. సరిపడా చిల్లర ఇవ్వాల్సింది కొనేవాడే అన్న నియమం చాలాచోట్ల ఉంది. ఆ సందులోంచే దూరుతున్నారు.

గల్లాపెట్టె:
మూడో కౌంటర్ గారూ, దెబ్బ నాకే తగిలింది. డ్రాయర్ నిండా చిల్లరుండి లేదన్న రోజులు నాకూ ఉన్నాయి. సాయంత్రానికి అయిపోతుందని దాచుకుంటాం, అలవాటైపోయింది.

దారినపోయే దానయ్య:
లేదంటే వాళ్లేం చేస్తారండీ?

గల్లాపెట్టె:
ఎక్కువమంది ఫోన్ తీస్తారు. ఒకావిడ మాత్రం ‘ఉంచు బాబూ, రేపొచ్చి తీసుకుంటా’ అని నోటు ఇచ్చి వెళ్లింది. ఆ మిగతా డబ్బు ఇంకా విడిగా కాగితంలో చుట్టి ఉంచాను. ఆవిడ మళ్లీ రాలేదు.