శనివారం గానుగ కట్టని తేలీలు: ముంబైలో వాళ్ళ గురించి ఎక్కడ చూడాలి, ఏం వినాలి?

ధర్మాబాద్ గానుగ:

అందరికీ నమస్కారం. మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, మిర్చి మార్కెట్‌లో రెండూ కలిపి. మేం తేలీలం, అంటే నూనె గానుగవాళ్ళం. మా తాతకు కట్టెగానుగ ఉండేది. నువ్వులు, కుసుమలు ఆడించేవాడు. నాకు ఊహ తెలిసేసరికి ఎద్దు లేదు, కాడి లేదు, రోలు ఒక్కటే పెరట్లో మిగిలింది. ఇప్పుడు అందులో కోళ్ళు నీళ్ళు తాగుతున్నాయి. సోమవారం మాత్రం తాత గానుగ కట్టేవాడు కాదట. "అది శివుడి వాహనం, వారానికి ఒక్క రోజన్నా దాని కళ్ళ గంతలు విప్పొద్దా" అనేవాడని మా నాయిన ఇప్పటికీ చెబుతుంటాడు.

పోయిన నెల చాయ్ హోటల్లో ఈ ముచ్చటే వచ్చింది. అలీబాగ్ వైపు చాలా ఏళ్ళు నౌకరీ చేసి వచ్చిన ఒకాయన, "మీది సోమవారం, కొంకణ్‌లో శనివారం గానుగ ఆపే తేలీలు ఉండేవాళ్ళు. వాళ్ళు యూదులు" అన్నాడు. నేను నవ్వేశాను. ఇంటికొచ్చి వెతికితే ఆయన చెప్పింది నిజమే. బెనె ఇజ్రాయెల్ అంటారట, అంటే ఇశ్రాయేలు సంతతి. ఎప్పుడో అలీబాగ్ దగ్గర నవ్‌గావ్ ఒడ్డున ఓడ పగిలి ఏడు జంటలు బతికి బయటపడ్డాయని, వాళ్ళ సంతానమే తామని వాళ్ళు చెప్పుకునే కథ. కొంకణ్ పల్లెల్లో గానుగ ఆడించి బతికారు. విశ్రాంతి దినం కాబట్టి శనివారం పని ముట్టరు. అందుకని ఊళ్ళోవాళ్ళు "శనివార్ తేలీ" అని పిలిచారు. దివే ఊరివాళ్ళు దివేకర్, పేణ్ వాళ్ళు పేణ్‌కర్, చేవుల్ వాళ్ళు చేవుల్‌కర్. ఇంట్లో మరాఠీయే. అప్పటి నుంచి నా బుర్ర కూడా గానుగెద్దులా అక్కడే తిరుగుతోంది.

ఇప్పుడు అసలు సంగతి. మా అక్క వాళ్ళు వర్లీలో ఉంటారు. మేనకోడలి శ్రీమంతం శనివారం. నేను బుధవారం సాయంత్రం దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాను, గురువారం పొద్దున ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్‌లో దిగుతాను. గురు, శుక్ర రెండు రోజులు నావి. సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) బయట నిలబడి ఫొటో దిగి రావడం నాకొద్దు. వాళ్ళ పాట వినాలి, పుస్తకం చూడాలి, కుదిరితే సినిమాల సంగతీ తెలుసుకోవాలి. ఇంగ్లీష్ అంతంత మాత్రం, మరాఠీ హాయిగా చదువుతాను.

ఒక అనుభవం కూడా చెప్పేస్తాను. రెండేళ్ళ కింద ఒక సినగాగ్‌కు వెళితే గేటు దగ్గరే ఆపేశారు. ఆధార్ లేదు, సంచిలో అమ్మ అక్కకు పంపిన మామిడికాయ పచ్చడి డబ్బా. సెక్యూరిటీ అతను మూత తీసి వాసన చూశాడు, మళ్ళీ మూత పెట్టాడు, నన్ను మాత్రం లోపలికి పంపలేదు. ఈసారి అలా కాకుండా ఏం చేయాలో చెప్పండి. టూర్ ప్యాకేజీల లింకులు మాత్రం పెట్టకండి, దండం పెడతాను.

దెగ్లూర్ గురూజీ:

బాబూ, చాయ్ హోటల్ చరిత్ర ఒక్కోసారి కాలేజీ చరిత్ర కంటే నయం. మహారాష్ట్రలో తేలీలను ఎద్దుకు సెలవిచ్చే వారాన్ని బట్టి సోమవార్ తేలీ, శుక్రవార్ తేలీ అని విడదీసి పిలిచేవాళ్ళు. ఆ వరసలోనే శనివార్ తేలీ. ఊరివాళ్ళకు వీళ్ళ మతమేమిటో అక్కర్లేదు, నూనె ఏ రోజు దొరకదో తెలిస్తే చాలు.

నీకు మరాఠీ వచ్చు కాబట్టి ఒక పుస్తకం చూడు. 1874లో పుణేలో అచ్చయిన హగ్గదా. యూదులు ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి బయటపడ్డ కథ తలచుకునే పస్కా పండుగ రాత్రి ఇంట్లో అందరూ కూర్చుని చదివే పుస్తకం అది. ఒక పక్క హీబ్రూ, పక్కనే మరాఠీ. మొదట్లో ఉన్న బొమ్మను పెద్దది చేసి చూడు. పులియని రొట్టెలు చేస్తున్న ఆడవాళ్ళు చీరల్లో నేల మీద కూర్చుని ఉంటారు. చేతులు చూస్తే మన ఇళ్ళలో జొన్నరొట్టె కొట్టేవాళ్ళే గుర్తొస్తారు. ఐగుప్తు నుంచి బయటపడ్డ కథకు మన మరాఠీ వంటిల్లు! స్కాన్ కాపీలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. దీనికి ముంబై వెళ్ళాల్సిన పని కూడా లేదు.

పాట అన్నావు. వాళ్ళు కీర్తన చేశారు. పండరీపురం వారకరీలు, హరిదాసులు చెప్పే కీర్తన పద్ధతినే తీసుకుని 1880 ప్రాంతం నుంచి ముంబైలో యోసేపు కథ, మోషే కథ మరాఠీ పాటలుగా కట్టారు. కథకుడు ఒక మాట చెప్పడం, ఒక పాట ఎత్తుకోవడం, వెనక వంత. నేను విన్నప్పుడు కళ్ళు మూసుకుంటే మా ఊరి సప్తాహంలో కూర్చున్నట్టే ఉంది, పేర్లు మాత్రం వేరు. యూట్యూబ్‌లో ఇంగ్లీష్‌లో వెతికితే ఏవేవో వస్తాయి, "బేనే ఇస్రాయల్ కీర్తన్" అని మరాఠీ అక్షరాల్లో కొట్టు.

నిస్సిమ్ ఎజికీల్ కూడా వీళ్ళ మనిషే. ఇంగ్లీష్‌లో రాసిన ముంబై కవి, 1983లో సాహిత్య అకాడమీ, 1988లో పద్మశ్రీ. తల్లిని తేలు కుట్టిన రాత్రి గురించి ఆయన రాసిన పద్యం స్కూలు పుస్తకాల్లో ఉండేది. నేనే ఎన్నో ఏళ్ళు పిల్లలకు చెప్పాను. ఈయన పూర్వీకులు శనివార్ తేలీలని ఒక్క గైడులోనూ లేదు. తేలు గురించి పది ప్రశ్నలు, తేలీ గురించి సున్నా.

వర్లీ చాళీ:

తమ్ముడూ, మీ అక్క వర్లీలో ఎక్కడ? ఎందుకంటే మన తెలుగువాళ్ళు రోజూ "ఈమోజెస్ రోడ్, ఈమోజెస్ రోడ్" అంటారు, బస్సు కండక్టర్ కూడా అంతే. నేను చిన్నప్పుడు అదేదో ఇంగ్లీష్ మాట అనుకున్నాను. అది డాక్టర్ ఈ. మోజెస్. 1937-38లో ముంబై మేయర్, బెనె ఇజ్రాయెల్ మనిషి. మోజెస్ అంటే మన బైబిల్లో మోషే. మీ అక్కను అడుగు, తెలుసేమో!

గురువారం సీఎస్‌ఎంటీలో దిగి సామాను క్లోక్ రూమ్‌లో పడెయ్యి. లోకల్‌లో ఒక్క స్టేషన్, మస్జిద్. అక్కడి శామ్యూల్ స్ట్రీట్‌లో ఉంది ముంబైలోకెల్లా మొదటి సినగాగ్, శార్ హరహమీమ్, అంటే కరుణా ద్వారం. 1796లో శామ్యూల్ ఎజికీల్ దివేకర్ కట్టించాడు. కంపెనీ సైన్యంలో ఉండి టిప్పు సుల్తాన్‌కు చిక్కి, ప్రాణాలతో బయటపడితే గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడని చెబుతారు. ఇప్పుడున్న చోటికి 1860లో మారింది. చుట్టుపక్కల వాళ్ళకు అది "జూనీ మస్జిద్", అంటే పాత మసీదు. స్టేషన్ పేరు కూడా దాన్ని బట్టే వచ్చిందని కొందరంటారు. తోపుడు బండ్లు, హమాలీలు, మసాలా వాసన మధ్య ఉంటుంది, దాటిపోకుండా చూసుకో.

అక్కడి నుంచి కాలా ఘోడా. ఆ పేటకు పేరు తెచ్చిన నల్లగుర్రం విగ్రహం ఇచ్చింది ఆల్బర్ట్ ససూన్. 1965లో దాన్ని బైకుల్లాకు తరలించారు, 2017లో రౌతు లేని కొత్త గుర్రం పెట్టారు. పక్కనే డేవిడ్ ససూన్ లైబ్రరీ, 1870 నాటి కట్టడం. వరండాలో పడక కుర్చీలు, వెనక తోట. అటుపక్క సందులో కెనెసెత్ ఎలియహూ సినగాగ్, 1884. 2019లో బాగు చేశారు, రంగుటద్దాల గుండా పడే వెలుతురు కోసమైనా వెళ్ళాలి. కానీ ఒకటి, ససూన్లు బాగ్దాద్ నుంచి వచ్చిన యూదు వ్యాపారులు. డాక్‌లూ, మిల్లులూ, నల్లమందూ వాళ్ళవి. నువ్వు వెతికే గానుగవాళ్ళు వీళ్ళు కాదు. ముంబైలో ఎవరిని అడిగినా ముందు ససూన్ల పేరే చెబుతారు, డబ్బున్నవాళ్ళ పేర్లే రాళ్ళ మీద ఉంటాయి కదా.

శుక్రవారం ఎక్కడికైనా పొద్దున్నే వెళ్ళు, సూర్యాస్తమయం నుంచి వాళ్ళకు విశ్రాంతి దినం మొదలవుతుంది. శనివారం చూడ్డానికి వెళ్ళనే వద్దు. 2008 దాడి తర్వాత సెక్యూరిటీ గట్టిగా ఉంటుంది, కోపం తెచ్చుకోకు. ఆధార్ ఒరిజినల్, ఖాళీ చేతులు. లోపల తల మీద టోపీ గానీ రుమాలు గానీ ఉండాలి. పచ్చడి డబ్బా ముందు మీ అక్కకు ఇచ్చి రా.

ఖాళీ ఉంటే ఠాణే వెళ్ళు. ఇప్పుడు వాళ్ళలో చాలామంది అటే ఉన్నారు, అక్కడి సినగాగ్ 1879 నాటిది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద యూదులు 4,650 మంది. మా చాళ్ళన్నీ కలిపితే అంతకంటే ఎక్కువ ఉంటాం.

ధర్మాబాద్ గానుగ:

వర్లీ అక్కా, మా అక్కకు ఫోన్ చేసి అడిగాను. "ఈమోజెస్ అంటే సిగ్నల్ పేరు" అంది.

రాజురా సిమెంట్:

మన తెలుగువాళ్ళలోనూ ఉన్నారండోయ్. గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తెలుగు మాట్లాడే యూదులు, చిన్న సినగాగ్ కూడా ఉంది. ముంబై అయ్యాక అటూ ఒక టికెట్ తీసుకోండి.

బల్లార్షా టాకీస్:

సినిమా ముక్క నాకు వదిలేశారు, సంతోషం. మీరు రాసిన ఇంటి పేర్లు మళ్ళీ చూడండి. పేణ్‌కర్ అన్నారు కదా, జోసెఫ్ డేవిడ్ పేణ్‌కర్ అని పార్శీ నాటకాల రచయిత ఒకాయన. 1931లో వచ్చిన మన మొదటి టాకీ ఆలం ఆరా ఆయన నాటకమే. అందులో చిన్న వేషం వేసిన కుర్రాడు ఎల్.వి. ప్రసాద్, మన ఏలూరు వైపు నుంచి రైలెక్కి వచ్చినవాడు! ప్రింటు ఒక్కటీ మిగల్లేదు, అదే నా బాధ.

చేవుల్‌కర్ అన్నారు. డేవిడ్ అబ్రహాం చేవుల్‌కర్. పాత హిందీ సినిమాల్లో బట్టతల, నవ్వు మొహం, బూట్ పాలిష్‌లో జాన్ చాచా. మొహం చూస్తే మీ నాయినకు తప్పకుండా తెలుస్తుంది.

ఆడవాళ్ళ సంగతి ఇంకా పెద్దది. ఇళ్ళల్లో ఆడపిల్లను తెర మీదికి పంపడం పరువు తక్కువ అనుకునే రోజుల్లో యూదుల, ఆంగ్లో ఇండియన్ల అమ్మాయిలు ధైర్యం చేశారు. రూబీ మైయర్స్ టెలిఫోన్ ఆపరేటర్, తెర మీద సులోచన అయింది. మూకీల్లో భాషతో పని లేదు కాబట్టి ఏలింది. టాకీ రాగానే చిక్కొచ్చింది, హిందుస్తానీ నేర్చుకోవడానికి కొంతకాలం సినిమాలు మానేసి మరీ తిరిగి వచ్చింది. 1973 ఫాల్కే అవార్డు ఆమెదే. ప్రమీల అసలు పేరు ఎస్తేర్ అబ్రహాం, 1947లో మొదటి మిస్ ఇండియా. నాదిరా అసలు పేరు ఫ్లోరెన్స్ ఎజికీల్. వీళ్ళందరి మీద 2017లో షాలోమ్ బాలీవుడ్ అని డాక్యుమెంటరీ వచ్చింది. ఇంగ్లీషే, కానీ పాత క్లిప్పుల కోసం చూడొచ్చు. నేనైతే సౌండ్ తగ్గించి చూశాను, మూకీలా బాగానే ఉంది.

ధర్మాబాద్ గానుగ:

వెళ్ళొచ్చాను. బాకీ ఉంచుకోకుండా రాసేస్తున్నాను.

లైబ్రరీ, కాలా ఘోడా వర్లీ అక్క చెప్పినట్టే ఉన్నాయి, ఎక్కువ రాయను. రంగుటద్దాల కింద నిలబడితే నా తెల్ల చొక్కా మీద నీలం, ఎరుపు మరకలు పడ్డాయి. ఫొటో బాగా వచ్చింది. అంతే.

జూనీ మస్జిద్‌కు రెండుసార్లు వెళ్ళాను. గురువారం తాళం. శుక్రవారం పొద్దున మళ్ళీ వెళితే తెరిచి ఉంది. ఆధార్ చూశారు, జేబులు చూశారు, టోపీ ఇచ్చారు. లోపల హాలు మధ్యలో కట్టెతో కట్టిన వేదిక, చుట్టూ కటకటాలు. అక్కడే నిలబడి ధర్మశాస్త్రం చదువుతారట. పైనుంచి గొలుసులతో వేలాడే గాజు దీపాలు. దీపం బుడ్డి అడుగు చూడటం నాకు అలవాటు, మా ఇంట్లో గానుగ నూనె కొలతలు అలాగే చూసేవాళ్ళు. ఒకదాంట్లో అడుగున వేలెడు నూనె, దాని మీద తేలుతున్న చిన్న వత్తి. ఏ నూనె అని అడుగుదామనుకుని నోరు రాలేదు.

తుడుస్తున్న ఒక పెద్దాయన నన్ను చూసి మరాఠీలో ఎక్కడి నుంచి అన్నాడు. నాందేడ్ అన్నాను. మరాఠీ యాస వేరుగా ఉందే అన్నాడు, ఇంట్లో తెలుగు అన్నాను. ఆయన మలీదా గురించి చెప్పాడు. అటుకులు తడిపి, బెల్లం, కొబ్బరి కోరు, ఏలకులు కలిపి, పండ్లు చుట్టూ పెట్టి, ఏలియా ప్రవక్త పేరు మీద మొక్కు తీర్చుకుంటారట. మరుసటి రోజు మేనకోడలి శ్రీమంతంలో ఒడిలో పెట్టిన పళ్ళెం చూస్తే సగం అదే సరుకు.

ఇక ఉండబట్టలేక చెప్పేశాను, "మేమూ తేలీలమే" అని. పెద్దాయన తుడిచే గుడ్డ భుజాన వేసుకుని నన్ను కిందికీ పైకీ చూశాడు. ఆశ్చర్యపోతాడనుకున్నాను. మా ఊరి సంతలో అడిగినట్టే అడిగాడు.

"ఏ వారం?"

"సోమవారం" అన్నాను.

"ఊఁ" అని తలూపి మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

గురూజీ, ఆ హగ్గదా బొమ్మ నాయినకు ఫోన్లో చూపించాను, "ఈ పిల్ల ముద్ద మరీ పలచగా చేసింది" అన్నాడు. దాన్ని పెద్ద సైజులో ప్రింట్ తీయించాలి. ధర్మాబాద్‌లో గానీ నిజామాబాద్‌లో గానీ కలర్ ప్రింట్ ఎక్కడ బాగా వస్తుందో ఎవరికైనా తెలుసా?